పెట్టె మొత్తం 15 వేలకు ఇచ్చేయమంటున్నారు

ప్రశ్న: అయ్యా, మాది అల్లిపురం. మా నాన్నగారు పూర్ణా మార్కెట్ దగ్గర 30 ఏళ్ళపాటు మైక్ సెట్లు అద్దెకిచ్చే షాపు నడిపారు. పెళ్ళిళ్ళకి, చవితి పందిళ్ళకి, హరికథలకి, ఎలక్షన్ మీటింగులకి ఆయన సెట్లే వెళ్ళేవి. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. మొన్న ఇంటికి రంగులు వేయించడానికి అటక ఖాళీ చేస్తే ఒక రేకు ట్రంకు పెట్టె బయటపడింది. న్యూస్‌పేపర్లో చుట్టినవి, అట్టపెట్టెల్లో ఉన్నవి కలిపి 60 దాకా గాజు వాల్వులున్నాయి (పాత రేడియోల్లో, మైక్ సెట్లలో సౌండు పెంచే గాజు గొట్టాలు). మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, కాలేజీ బ్యాండులో గిటార్ వాయిస్తాడు. వాడు లిస్టు రాశాడు: మల్లార్డ్ ఈఎల్34లు నాలుగు, బెల్ కంపెనీ ఈఎల్84లు ఎనిమిది, 6వి6లు ఆరు, నెత్తిన టోపీ ఉన్న 807లు అయిదు, మిగతావన్నీ యూసీహెచ్81, యూబీఎఫ్89, యూవై85 లాంటివి. ఈఎల్34ల్లో మూడింటి అడుగున ఎక్స్ఎఫ్2 అని, దాని కింద బి5కె2, బి5కె3, బి7ఎ1 అని ఉంది. నాలుగోది సన్నగా ఉంది, దాని మీద ఈ అక్షరాలు లేవు. ఒక ఈఎల్84 లోపల పైన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కొన్ని అట్టపెట్టెల మీద నాన్నగారు పెన్సిల్‌తో టిక్కులు, ఇంటూ గుర్తులు పెట్టారు. తెలిసినాయన ఒకరు చూసి మొత్తం 15 వేలకు ఇచ్చేయమంటున్నారు. తమ్ముడూ ఇచ్చేయమంటాడు. అబ్బాయేమో ఒక్కో మల్లార్డ్ పాతిక వేలు చేస్తుందంటాడు, ఫ్రెండు ఆంప్లిఫయర్లో పెట్టి వాయిస్తానని పట్టుబడుతున్నాడు. వీటికి నిజంగా అంత విలువ ఉందా? అమ్మాలా, ఉంచాలా? పిల్లాడు కరెంటుతో ఆటలాడతాడేమోనని నాకు భయంగా కూడా ఉంది.
ఒక పాఠకురాలు, అల్లిపురం, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందు రెండు మాటలు. 15 వేలంటున్న ఆయనకి ఇంకా సరేననకండి. వాల్వుల మీద దుమ్ముంటే ఉండనివ్వండి, గుడ్డ మాత్రం పెట్టకండి.

తుడవొద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను తుడిచి పాడుచేసినవాణ్ణి. పని నేర్చుకుంటున్న రోజుల్లో వన్ టౌన్‌లో ఒకరి సెట్టు విప్పితే రెండు మల్లార్డ్ వాల్వులు మసిపట్టి కనిపించాయి. శుభ్రంగా ఉంటే యజమాని సంతోషిస్తాడనుకుని స్పిరిట్ అద్దిన గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాను. గాజు తళతళలాడింది. గుడ్డ చూసుకుంటే దాని మీద రంగు మరక. మల్లార్డ్ అన్న పేరు మొత్తం గుడ్డకి వచ్చేసింది. ఏళ్ళ తరబడి వేడి తిన్న ఆ అచ్చు ముగ్గుపిండిలా అయిపోతుంది, వేలు తగిలినా రాలుతుంది. పేరు పోయినా వాల్వు పాడుతుంది. కానీ అది ఎవరి వాల్వో చెప్పడానికి మన నోటిమాట తప్ప ఇంకేమీ మిగలదు, నోటిమాటకి ఎవరూ డబ్బులివ్వరు. ఆ రెండు వాల్వులూ ఇప్పటికీ నాకు గుర్తొస్తుంటాయి. మీవి పట్టుకోవలసి వస్తే కింద బేకలైట్ బేసు దగ్గర పట్టుకోమనండి, గాజు మీద వద్దు.

ఇక విలువ సంగతి. పాతదైతే చాలు ధర పలుకుతుందనుకోవడం రాగి బిందెల విషయంలో చెల్లుతుంది గానీ వాల్వుల దగ్గర చెల్లదు. ఆ వాల్వు దిగే సాకెట్టు ఇవాళ్టికీ ఎన్ని ఆంప్లిఫయర్లలో ఉంది, వాటిని వాయించేవాళ్ళు ఎంతమంది ఉన్నారు, ధర తేలేది అక్కడే. మీ పెట్టెలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. నెత్తిన టోపీ ఉన్న ఆ 807ని తీసుకోండి. 1936లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన 6ఎల్6 వాల్వుకి అది సొంత తమ్ముడు, లోపలి కట్టుబాటు దాదాపు అదే. మన మైక్ సెట్లలో రాత్రంతా హరికథ మోసిన వాల్వు. కానీ గిటార్ ఆంప్లిఫయర్లు చేసిన ఫెండర్ లాంటి కంపెనీలు 6ఎల్6ని పట్టుకున్నాయి, 807 జోలికి పెద్దగా పోలేదు. దాని బేసు వేరు, ఎత్తు ఎక్కువ, పైగా ఆ నెత్తి మీది టోపీలోనే వందల వోల్టుల హైటెన్షన్ ఉంటుంది. అందుకని గుణంలో ఏ లోటూ లేకపోయినా ఇవాళ దాన్ని అడిగేవాళ్ళు తక్కువ, ధరా తక్కువే. మీ అయిదు 807లకీ కలిపి వచ్చేది మీ అబ్బాయి అనుకుంటున్నదాని దరిదాపుల్లో ఉండదు.

మీ అబ్బాయికి ఈ పేర్లు చదవడం నేర్పితే లిస్టు సగం దానంతటదే విడిపోతుంది. యూరప్ పద్ధతి పేర్లలో మొదటి అక్షరం ఫిలమెంటు, అంటే లోపల వేడెక్కే తీగ, సంగతి చెబుతుంది. ఈ అంటే 6.3 వోల్టులు. యూ అంటే 100 మిల్లీఆంపియర్ల మీద అన్ని ఫిలమెంట్లనీ ఒకే వరసలో గుచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మెయిన్స్ మీద నడిపే రేడియోలకి చేసినది. ఎల్ అంటే స్పీకర్ని తోసే పవర్ పెంటోడ్. అంకె 3తో మొదలైతే పెద్ద ఎనిమిది కాళ్ళ బేసు, 8తో మొదలైతే గాజు అడుగునే తొమ్మిది సన్న కాళ్ళు. ఈఎల్34 అన్నా ఈఎల్84 అన్నా ఏమిటో ఇప్పుడు చూడకుండానే చెప్పొచ్చు. యూతో మొదలయ్యేవన్నీ ఒకప్పుడు మన వంటింటి గూట్లో పాడిన రేడియోలవి. గిటార్ ఆంప్లిఫయర్లకి అవి పనికిరావు, వాటికి పెద్ద ధర కూడా రాదు. అయితే పాత రేడియో బాగుచేయించుకోవాలని వాల్వు కోసం నెలల తరబడి వెతికేవాళ్ళు ఉన్నారు, నా దగ్గరకే వస్తుంటారు. అలాంటివాళ్ళకి తక్కువలో ఇవ్వండి, పారేయకండి.

డబ్బున్నది ఆ నాలుగు ఈఎల్34ల దగ్గర. ఫిలిప్స్ కుటుంబం తెచ్చిన వాల్వు ఇది. మల్లార్డ్ అన్నది ఇంగ్లండులో ఫిలిప్స్ వాళ్ళ కంపెనీయే, లాంకషైర్లోని బ్లాక్‌బర్న్‌లో దాని ఫ్యాక్టరీ ఉండేది. మీ అబ్బాయి రాసిన అక్షరాలు ఆ ఫ్యాక్టరీ వేసిన ముద్ర. ఎక్స్ఎఫ్ అంటే ఈఎల్34 రకం, పక్కన 2 అంటే డిజైనులో ఎన్నో మార్పు అని. కింది వరసలో బి అంటే బ్లాక్‌బర్న్, తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, ఆ తర్వాతి అక్షరం నెల, ఏ అంటే జనవరి నుంచి ఎల్ అంటే డిసెంబరు దాకా, ఆఖరి అంకె వారం. సంవత్సరానికి ఒక్క అంకే ఉంటుంది కాబట్టి ఏ దశాబ్దమో తేల్చేది పైవరసే. ఎక్స్ఎఫ్2 అరవైల సరుకు. అంటే మీ రెండు వాల్వులు 1965 నవంబరులో రెండో వారం ఒకటి, మూడో వారం ఒకటి పుట్టాయి. మూడోది 1967 జనవరి మొదటి వారం. మీ నాన్నగారు ఆ మొదటి రెండింటినీ జతగానే కొని ఉంటారని నా అనుకోలు.

నాలుగోది సన్నగా ఉందని, అక్షరాలు లేవని అన్నారు. పైన మల్లార్డ్ అనే ఉన్నా అది బ్లాక్‌బర్న్‌ది కాకపోవచ్చు. వాల్వుల రోజులు తగ్గుముఖం పట్టాక పెద్ద కంపెనీలు బయట చేయించి తమ పేరు వేయించుకోవడం మామూలైంది. తూర్పు జర్మనీ ఆర్‌ఎఫ్‌టీ వాళ్ళు చేసిన సన్నటి ఈఎల్34 ఎన్నో పేర్లతో అమ్ముడైంది, మల్లార్డ్ పేరు కూడా అందులో ఉంది. అది నకిలీ కాదమ్మా, మంచి గట్టి వాల్వే. దాని ధర వేరు, అంతే. అమ్మేటప్పుడు దాన్ని ఎక్స్ఎఫ్2లతో కలిపి నాలుగూ ఒక సెట్టని చెప్పకండి. తెలిసినవాడు చూస్తే ఆ ఒక్కదానివల్ల మిగతా మూడింటినీ అనుమానిస్తాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇవాళ కొత్త అట్టపెట్టెలో మల్లార్డ్ అని వచ్చేవి బ్లాక్‌బర్న్‌వి కావు. ఆ పేరు హక్కులు ఒక అమెరికన్ కంపెనీ దగ్గరున్నాయి, వాల్వులు రష్యాలో తయారవుతాయి. టంగ్‌సోల్, గోల్డ్ లయన్ అన్న పాత పేర్లదీ అదే కథ. అవి చెడ్డవేం కావు, కొత్త సరుకు, కొత్త ధర. కాని నెట్‌లో మీ అబ్బాయి చూసిన ధర దేనిదో, పాతదానిదో కొత్తదానిదో, అది ముందు తేల్చుకోవాలి. ఇంకో సంగతి, అమ్మేవాళ్ళు పెట్టుకున్న ధర చూడొద్దని చెప్పండి. పాతిక వేలని ఎవరైనా రాసుకోవచ్చు. నిజంగా అమ్ముడైపోయినవి ఎంతకి పోయాయో విడిగా చూపించే వీలు ఈబే లాంటి చోట్ల ఉంటుంది, అవి చూడాలి. అలా చూసినప్పుడు బాగా కొలిచి చూపించిన ఎక్స్ఎఫ్2 జత, కొత్త జతకి అయిదారు రెట్లకీ ఆ పైనా పోవడం కనిపిస్తుంది. ఎన్నడూ వాడకుండా అట్టపెట్టెలోనే ఉండిపోయిన జతకి ఇంకా ఎక్కువ. మీ వాళ్ళు చెప్పిన 15 వేలు, ఆ 1965 జత ఒక్కటే పరీక్షలో నిలబడితే, దానికే సరిపోవచ్చు, దాటనూవచ్చు. పెట్టె మొత్తానికి అది చాలా తక్కువ.

అయితే ఆ "పరీక్షలో నిలబడితే" అన్నచోటే అసలు మెలిక. మైక్ సెట్ల వాల్వులు సుఖంగా బతికినవి కావు. సాయంత్రం ఆరింటికి ఆన్ చేస్తే తెల్లారేదాకా బాకాలని ఫుల్లు మీద తోయాలి, వోల్టేజీ ఒక వీధిలో 180, ఇంకో వీధిలో 250. పవర్ వాల్వు అరిగే వస్తువు. లోపల కేథోడ్ మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత ఉంటుంది, ఎలక్ట్రాన్లు అక్కణ్ణించే వస్తాయి. వాడే కొద్దీ ఆ పూత సత్తువ తగ్గుతుంది. పైకి కొత్తదానిలా మెరుస్తున్నదే లోపల నీరసించి ఉండొచ్చు. అందుకే మీ నాన్నగారి పెన్సిల్ గుర్తులు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచాయి. మైక్ సెట్టు వాళ్ళు నీరసించిన వాల్వుని పారేయరు. పందిట్లో అర్ధరాత్రి ఒకటి పోతే ఆ పూట గడవడానికి పనికొస్తుందని దాచుతారు. టిక్కు పెట్టినవి మంచివి, ఇంటూ పెట్టినవి ఇలా అక్కరకి దాచినవి అని నా ఊహ. సెట్టులో పెట్టి, చెవితో విని, చేత్తో గుర్తు పెట్టుకున్న మనిషి రాత అది. ఏ వాల్వు ఏ అట్టపెట్టెలో ఉందో అలాగే ఉంచండి, కలిపేయకండి. పెట్టె తీసినప్పుడు ఎలా ఉందో ఫోనులో ఫొటోలు తీయించండి, ఒక్కో వాల్వూ దాని పెట్టె పక్కనే పెట్టి.

ఖాళీ అట్టపెట్టెలు కూడా ఎవరికీ ఇవ్వకండి. పాత మల్లార్డ్ ఖాళీ పెట్టెలు కొనేవాళ్ళున్నారు, వాటిలో ఏం పెట్టి అమ్ముతారో నేను చెప్పనక్కర్లేదు. నాకే ఒకసారి అలా తగిలింది. ఒకే తారీఖువి, కొలిచి జతచేసినవి అని నాలుగు కొన్నాను. పెట్టెలు నాలుగూ పాతవే. వాల్వులు విప్పి పక్కపక్కన పెడితే రెండింటి ప్లేట్ల, అంటే లోపలి లోహపు రేకుల, ఆకారమే వేరు. డబ్బులు తిరిగి రాలేదు. అప్పటినుంచీ పెట్టె పక్కన పెట్టి గాజులోకే చూస్తాను.

తెల్లబడినదాని గురించి అడిగారు. వాల్వు పైభాగంలో కనిపించే వెండిరంగు పూతని గెట్టర్ అంటారు, అది బేరియం. లోపల మిగిలిపోయిన కొద్దిపాటి గాలిని పీల్చేసుకోవడం దాని పని. గాజుకి సన్నటి బీట పడి బయటి గాలి దూరితే ఆ పూత మొత్తం తెల్లబడిపోతుంది. మీరు సున్నం అన్న మాట సరిగ్గా సరిపోయింది. అది చనిపోయిన వాల్వు, సాకెట్టులో పెట్టకండి. మిగతావాటిలో ఆ పూత నిండుగా, అద్దంలా ఉందా, అంచుల్లో గోధుమరంగుకి తిరిగి పలచబడిందా చూడమనండి. నిండుగా ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, కానీ పలచబడిపోతే బాగా పనిచేసిన వాల్వని అర్థం.

మీ అబ్బాయి ఇంట్లోనే భయం లేకుండా చేయగలిగిన పరీక్ష ఒకటే. మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి ఫిలమెంటు చూడటం. ఈఎల్34, 6వి6లకి 2, 7 కాళ్ళ మధ్య, ఈఎల్84కి 4, 5 కాళ్ళ మధ్య. కొద్ది ఓములు చూపిస్తే ఫిలమెంటు ఉన్నట్టు, ఏమీ చూపించకపోతే తెగినట్టు. ఈ పరీక్షతో చచ్చినవి ఏరేయొచ్చు, అంతకు మించి ఇది ఏమీ చెప్పదు. అసలు సత్తువ తెలియాలంటే వాల్వుకి హైటెన్షన్ ఇచ్చి కొలవాలి. 250 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపియర్లు లాగుతున్నప్పుడు మంచి ఈఎల్34 ఇన్‌పుట్‌లో ఒక వోల్టు మార్పుకి 11 మిల్లీఆంపియర్ల లెక్కన కరెంటు మార్చాలి, డేటాషీటులో ఉన్న మాట అది. 'ఏవో' (AVO) అనే బ్రాండు వాల్వు మీటరు లాంటి పాత టెస్టరు ఉన్నవాళ్ళు మన ఊళ్ళో అరుదు. కానీ ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్ల దగ్గర, నేవీ వర్క్‌షాపుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు విశాఖలో ఉన్నారు, వాల్వు సర్క్యూట్లు చేత్తో చేసిన పాత మెకానిక్కులూ ఇంకా ఉన్నారు. మంచి ఆంప్లిఫయరులో ఒక్కో వాల్వు కేథోడు దారిలో ఒక ఓమ్ రెసిస్టరు పెట్టి, ఒకే బయాస్ (పాట లేనప్పుడు వాల్వు ఎంత కరెంటు లాగాలో పెట్టే సర్దుబాటు) దగ్గర ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తుందో రాసుకుంటే చాలు. అక్కడ ఎన్ని మిల్లీవోల్టులో అన్ని మిల్లీఆంపియర్లు. ఆ లెక్కలతో రాసిన చీటీ, మీటరు కనిపించే ఫొటో ఉంటే మీ జతకి ధర పెరుగుతుంది. రెండూ దగ్గర దగ్గరగా లాగితేనే అది జత.

పరీక్షకి ముందు కాళ్ళు చూసుకోవాలి. మన సముద్రపు గాలికి ఇత్తడి కాళ్ళ మీద పచ్చటి చిలుము పడుతుంది, సాకెట్టులో సరిగ్గా ఆనదు. మెత్తటి ఇత్తడి బ్రష్షుతో కాళ్ళు మాత్రమే రుద్దమనండి. గాజు బేసులో వదులుగా తిరుగుతోందేమో కూడా మెల్లిగా చూడాలి. 2014లో హుద్‌హుద్ రోజున మీ అటకలోకి నీళ్ళు దిగాయా? దిగి ఉంటే అట్టపెట్టెల అడుగున మరకలుంటాయి, ఆ వాల్వుల కాళ్ళు మరీ జాగ్రత్తగా చూడాలి. ఇన్నేళ్ళు నిద్రపోయిన పవర్ వాల్వుకి నేను ఒకేసారి హైటెన్షన్ ఇవ్వను. కొన్ని గంటలపాటు ఫిలమెంటు ఒక్కటే వెలిగించి ఉంచుతాను, ఆ తర్వాతే మిగతాది.

ఇక మీ అబ్బాయి అడిగినది. పాత వాల్వు పెడితే సౌండు మారుతుందా? మారుతుంది. ఎంత మారుతుందన్న దగ్గర నేను వాడితో ఏకీభవించను. గిటార్ సౌండులో మొదటి వాటా చేతిది, తర్వాత స్పీకర్ది, ఆ తర్వాత ఆంప్లిఫయరు సర్క్యూట్‌ది. ఆ మూడూ బాగున్న చోట మంచి ఈఎల్34 వాల్యూం పెంచినప్పుడు పగిలే తీరులో, మధ్యశ్రుతుల నిండుదనంలో తేడా వినిపిస్తుంది. ఆ తేడా కోసమే మార్షల్ ఆంప్లిఫయర్లు ఉన్నవాళ్ళు అంత డబ్బు పెడతారు. పాత వాటి అసలు గొప్పతనం నా దృష్టిలో ఓర్పు. ఎక్కువ వోల్టేజీకి, ఎక్కువ రోజులకి తట్టుకుంటాయి. కాలేజీ ఫంక్షన్లలో, అరువు ఆంప్లిఫయర్లో, 1965 జతని వాడటం మాత్రం నాకు మనస్కరించదు. ఆడిన ప్రతి గంటా ఆ పూతలోంచి పోతుంది, తిరిగి రాదు.

ఫ్రెండు ఆంప్లిఫయర్లో ఏ వాల్వులున్నాయో ముందు చూడాలి. ఈఎల్84లుంటే ఈఎల్34 ఆ సాకెట్టులో దిగనే దిగదు. 6ఎల్6లుంటే దిగుతుంది, ప్రమాదం అదే. 6ఎల్6 ఫిలమెంటు 0.9 ఆంపియర్లు తీసుకుంటే ఈఎల్34 1.5 తీసుకుంటుంది. రెండు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద 1.2 ఆంపియర్ల అదనపు బరువు. పైగా ఈఎల్34లో ఒకటో కాలికి సప్రెసర్ గ్రిడ్ అనే లోపలి తీగల జాలీ తగిలించి ఉంటుంది, 6ఎల్6 సాకెట్టులో ఆ కాలు ఖాళీగా వదిలేసి ఉండొచ్చు. నిజంగా ఈఎల్34 ఆంప్లిఫయరే అయినా బయాస్ సరిచేయకుండా వాయించకూడదు. లెక్క చిన్నదే. ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు. అందులో 70 శాతం అంటే 17.5 వాట్లు. ప్లేటు మీద 450 వోల్టులుంటే 17.5ని 450తో భాగించండి, సుమారు 39 మిల్లీఆంపియర్లు. పాత వాల్వుకి నేను 60 శాతం దాటను, అంటే 33. ఇంతకంటే ఎక్కువ లాగుతుంటే చీకట్లో చూసినప్పుడు ప్లేటు ఎర్రగా కాలుతూ కనిపిస్తుంది. అప్పుడు క్షణం ఆగకుండా కట్టేయాలి.

మీ భయం సరైనదే, దాన్ని పిల్లాడి ముందు తీసిపారేయను. ఆ ఆంప్లిఫయర్లలో 400, 500 వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్చి కట్టేసి ప్లగ్గు పీకినా కండెన్సర్లలో అది నిలవుంటుంది, ఛాతీకి అడ్డంగా దారి దొరికితే ప్రాణం తీస్తుంది. వెనక రేకు విప్పే పని తెలిసిన పెద్దవాడు పక్కనుంటేనే, కండెన్సర్లు ఖాళీ చేసి మీటరుతో చూసుకున్నాకే, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకునే. స్పీకరు తగిలించకుండా ఆంప్లిఫయరు ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఈ మాటలు నా మాటలుగా వాడికి చదివి వినిపించండి.

అమ్మాలా, ఉంచాలా అంటే, నేనైతే ఎక్స్ఎఫ్2 జతని పరీక్ష చేయించి అమ్ముతాను. మీ ఇంట్లో దాన్ని వాడుకునే ఆంప్లిఫయరు లేదు. అటక మీదే ఉంచితే ఉప్పుగాలికి కాళ్ళు పాడవుతాయి. బెంగళూరు, చెన్నై, కోల్‌కతాల్లో గిటార్ ఆంప్లిఫయర్లు బాగుచేసేవాళ్ళు కొంటారు, హైఫై మనుషులూ కొంటారు. దేశంలో మంచి ధర వస్తే విదేశానికి పంపే తలనొప్పి వద్దు. మూడో ఎక్స్ఎఫ్2ని, సన్నదాన్ని దేనికది విడిగా అమ్మండి. బెల్ ఈఎల్84లు మన బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళవి. 1961లో ఫిలిప్స్ సహకారంతో అక్కడ రేడియో వాల్వుల తయారీ మొదలైంది. వాక్స్ ఏసీ30 లాంటి ఆంప్లిఫయర్లలో ఈఎల్84లు నాలుగుంటాయి కాబట్టి వీటికి గిరాకీ ఉంది, ధర మల్లార్డ్ అంత రాదు. తెల్లబడినది పోగా ఏడు మిగులుతాయి. వాటిలో నాలుగు దగ్గరగా కొలిస్తే అవి ఒక సెట్టుగా పోతాయి. ఏదేమైనా పెట్టె మీ నాన్నగారిది, అమ్మకానికి ముందే తమ్ముడికి ఈ లెక్కంతా చూపించండి. 15 వేల మాట దగ్గర ఆయన ఆగిపోయింది ఇది తెలియకే అయి ఉంటుంది.

6వి6లు మాత్రం అమ్మకండి, పిల్లాడికివ్వండి. ఫెండర్ ఛాంప్ అనే చిన్న ఆంప్లిఫయరులో ఉన్నది ఒక్క 6వి6, దాని ముందు గిటార్ సిగ్నల్‌ని పెంచే చిన్న వాల్వు ఒక 12ఏఎక్స్7, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరుకి 5వై3. అయిదు వాట్లు. ఇంట్లో చాలు, చిన్న గదిలో బ్యాండుతో కూడా వినిపిస్తుంది. బయాస్ తిప్పే గొడవ లేదు, కేథోడు రెసిస్టరే చూసుకుంటుంది. పాత మెకానిక్ ఒకరి దగ్గర కూర్చుని సెలవుల్లో అది కట్టుకోమనండి, వాయిస్తున్నంతసేపూ తాతగారి వాల్వు వాడి ఎదురుగా వెలుగుతూ ఉంటుంది. టిక్కు పెట్టిన 6వి6 ఏదో దానితో మొదలుపెట్టమనండి.

అటక మీద ఇంకా బరువైన ఇనప ట్రాన్స్‌ఫార్మర్లు ఏవైనా ఉన్నాయేమో చూడండి. పాత మైక్ సెట్ల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే తుక్కు వాళ్ళకి వేయకండి. ఈ ఆంప్లిఫయరుకి కొనవలసిన వాటిలో అన్నిటికంటే ఖరీదైనది అదే.